నవంబరు 14న మా ఊళ్ళో ఉచిత షుగరు క్యాంపు పెడుతున్నాం, సలహాలు కావాలి

చీరాల_కిషోర్ | అక్టోబరు 9, ఉదయం 8:10
అందరికీ నమస్కారం. మా వీధి కుర్రాళ్ళం పదిహేను మందిమి కలిసి చిన్న యువజన సంఘం నడుపుతున్నాం. పోయినేడాది రక్తదాన శిబిరం పెట్టాం, బాగా జరిగింది. ఈసారి నవంబరు 14న ప్రపంచ మధుమేహ దినం రోజు కల్యాణమండపంలో ఉచితంగా షుగరు టెస్టులు చేయిద్దామనుకుంటున్నాం. చందాలు 32 వేలు పోగయ్యాయి. మూడొందల మందికైనా చూడాలని ఆశ. ఫ్లెక్సీలు, టెంటు, టిఫిన్లు మాట్లాడేశాం. మిషన్లు, స్ట్రిప్పులు ఎక్కడ తీసుకోవాలి? డాక్టరు గారు అక్కడే ఉండాలా? ఇంతకుముందు చేసినవాళ్ళు చెప్పండి.

మందులషాపు_శ్రీను | అక్టోబరు 9, ఉదయం 9:45
మంచి పని కిషోర్ గారూ. ఇరవై రెండేళ్ళుగా షాపులో కూర్చున్నవాణ్ణి కాబట్టి నాకు తెలిసినవి చెబుతా. స్ట్రిప్పుల డబ్బా మీద ఎక్స్‌పైరీ చూసుకోండి. మూత తీసిపెట్టి కూర్చోకండి, తేమ తగిలితే రీడింగ్ తప్పొస్తుంది. ఒక మనిషికి ఒక లాన్సెట్ (వేలు గుచ్చే చిన్న సూది), అంతే. గుచ్చే పెన్ను ఒకటే పెట్టుకుని ఊరందరికీ గుచ్చే పద్ధతి మానెయ్యండి, ఒకసారి వాడి పారేసేవి దొరుకుతాయి. వాడినవి గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి ఆస్పత్రికి అప్పజెప్పండి, చెత్తబండిలో వేస్తే ఆ కార్మికుడి చేతిలో దిగుతాయి.

ఇంకోటి, టిఫిన్లు అన్నారు. టెస్టు బల్ల పక్కనే కేసరి పెట్టారనుకోండి, వేలికి అంటిన తీపికి లేనివాడికి కూడా షుగరు చూపిస్తుంది. నవ్వకండి, ఒక క్యాంపులో కళ్ళారా చూశాను. అరటిపండు ఒలిచి తిన్న చెయ్యి కూడా అంతే. సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని రమ్మనండి.

కరుణ_నల్గొండ | అక్టోబరు 9, మధ్యాహ్నం 1:20
తమ్ముడూ, ఏమనుకోకు, కొంచెం కటువుగానే చెబుతా. మా మామయ్యకి షుగరు ఉందని తెలిసింది ఇట్లాంటి క్యాంపులోనే. 280 ఉందని చీటీ రాసిచ్చారు, ఒక అరటిపండు, బిస్కెట్ ప్యాకెట్ చేతిలో పెట్టారు, ఫొటో దిగారు. ఆయన చీటీ చొక్కా జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాడు. చొక్కా ఉతుక్కి పోయింది, చీటీ కూడా పోయింది. ఒంట్లో నొప్పి లేదు, జ్వరం లేదు, ఎందుకు పట్టించుకుంటాడు?

నాలుగేళ్ళకి కాలికి చెప్పు ఒరుసుకుని పుండు పడ్డది. షుగరుతో మొద్దుబారిన కాలు కదా, ఆయనకి తెలవనే లేదు. వాసన వచ్చినంక మేం చూశాం. రెండు వేళ్ళు తీసేశారు, తర్వాత మోకాలి కింద దాకా పోయింది. జైపూర్ కాలు పెట్టించుకుని ఇప్పుడు నడుస్తున్నాడు. భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి వాళ్ళు, 1975 నుంచి ఒక్క పైసా తీసుకోకుండా కృత్రిమ కాళ్ళు అమరుస్తున్న సంస్థ, వాళ్ళ చలవ. వాళ్ళకి చేతులెత్తి మొక్కుతా. కానీ కాలు పెట్టే సంస్థ దాకా పోకుండా ఆపాల్సింది ఎవరు?

మూడొందల మందికి చూస్తవు సరే. అందులో ఎంతమందికి ఎక్కువున్నా, వాళ్ళని 15వ తారీఖు ఎవరు చూస్తరు?

చీరాల_కిషోర్ | అక్టోబరు 9, మధ్యాహ్నం 2:05
అక్కా, మీ మామయ్య గారి సంగతి చదివి బాధేసింది. కానీ టెస్టు చెయ్యడం కూడా తప్పేనంటే ఇంక ఎవరూ ఏమీ చెయ్యరు. మేం డాక్టర్లం కాదు. జీతాలు పుచ్చుకునేవాళ్ళం కాదు. మాకు చేతనైంది మేం చేస్తున్నాం.

అప్పారావు_అనుమానం | అక్టోబరు 9, మధ్యాహ్నం 2:30
32 వేలలో ఫ్లెక్సీలకెంత, టిఫిన్లకెంత, స్ట్రిప్పులకెంత? ఊరికే అడుగుతున్నా.

చీరాల_కిషోర్ | అక్టోబరు 9, మధ్యాహ్నం 2:41
ఫ్లెక్సీలు 6 వేలు, టెంటు కుర్చీలు మైకు 9, టిఫిన్లు 10. మిగతాది టెస్టులకి. ఇలా రాస్తుంటే నాకే అదోలా ఉంది.

పంతొమ్మిదో_వార్డు_తాతయ్య | అక్టోబరు 9, రాత్రి 7:50
బాబూ కిషోర్, నొచ్చుకోకు. నేను ముప్పై ఒక్క ఏళ్ళు ఆరోగ్య శాఖలో హెల్త్ అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాను, ఉండేది భీమవరం దగ్గర.

2023లో ఐసీఎంఆర్ (కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి) వాళ్ళ ఇండియాబ్ అనే షుగరు సర్వే వచ్చింది. దేశంలో షుగరున్నవాళ్ళు 10 కోట్ల పైన, షుగరు అంచున ఉన్నవాళ్ళు 13 కోట్ల పైన అని తేలింది. ఇంతమందిని వెతికిపట్టే పని ప్రభుత్వం మొదలుపెట్టకపోలేదు. ముప్పై ఏళ్ళు దాటినవాళ్ళందరికీ బీపీ, షుగరు చూడాలని జాతీయ కార్యక్రమం ఉంది. ఆశా ఇంటికొస్తుంది, ఏఎన్‌ఎం చూస్తుంది, పీహెచ్‌సీలో మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర ఉచితంగా ఇస్తారు. మరి తేడా ఎక్కడ వస్తోంది? మాత్ర మొదలుపెట్టిన పది రోజులకి కడుపు ఉబ్బరం, విరేచనం. "ఈ మందు నాకు పడలేదు" అని మానేస్తారు. అన్నం తిన్నాక వేసుకో అమ్మా, రెండు వారాల్లో సర్దుకుంటుంది, సర్దుకోకపోతే డాక్టరుతో చెప్పి మోతాదు మార్పిద్దాం అని చెప్పే మనిషి ఉండడు. ఆశాకి సవాలక్ష పనులు. డాక్టరుకి ఒక్కో రోగికి రెండు నిమిషాలు.

ఆ "చెప్పే మనిషి" పని మీలాంటి సంఘాలు చెయ్యగలవు. దానికి డిగ్రీ అక్కర్లేదు, ఫోను, నోటుపుస్తకం చాలు. మందు మాత్రం మీరు చెప్పొద్దు, మార్చొద్దు.

ఇంకో మాట. వేలికొన రీడింగ్ చూసి "నీకు షుగరుంది" అని మొహం మీద చెప్పెయ్యకండి. పరగడుపున 126 గానీ, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు చూపే టెస్టు) 6.5 గానీ దాటిందో లేదో ల్యాబులో చూసి డాక్టరు తేల్చాలి. మీరు చెప్పాల్సింది "ఎక్కువ చూపిస్తోంది, రేపు పీహెచ్‌సీకి నేను తీసుకెళతా" అని.

టైప్‌వన్_అమ్మ | అక్టోబరు 10, ఉదయం 5:55
ఈ చర్చ రాత్రంతా చదువుతూ కూర్చున్నాను (మూడు గంటలకి లేచి బాబుకి షుగరు చూసే అలవాటు, తర్వాత నిద్ర పట్టదు).

షుగరు క్యాంపు అనగానే అందరూ పెద్దవాళ్ళ గురించే ఆలోచిస్తారు. మా బాబుకి ఏడో ఏట వచ్చింది. ఇప్పుడు పదకొండు. అప్పుడు బిందెలు బిందెలు నీళ్ళు తాగేవాడు, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైంది, చొక్కాలు వదులైపోయాయి. ఎండాకాలం కదా అనుకున్నాం. ఒకరోజు వాంతులు. దగ్గర్లోని క్లినిక్‌కి తీసుకెళితే నీరసానికని గ్లూకోజు సెలైన్ పెట్టారు. అవును, గ్లూకోజు. సాయంత్రానికి ఎగశ్వాస. పెద్దాస్పత్రికి వెళ్ళేసరికి షుగరు మిషన్ అంకె కూడా చూపించలేదు, "హై" అని మాత్రం చూపించింది. నాలుగు రోజులు ఐసీయూ. ఒక్క చుక్క రక్తం ఉదయమే చూసి ఉంటే ఆ నాలుగు రోజులు లేవు.

టైప్ 1లో ఒంట్లో ఇన్సులిన్ తయారవడమే ఆగిపోతుంది. తిండి వల్ల వచ్చేది కాదు, మాత్రలతో పోయేది కాదు. బతికినంతకాలం రోజుకి నాలుగు సూదులు, నాలుగైదుసార్లు వేలు గుచ్చి చూడటం. ఇన్సులిన్ సీసా ఎలాగోలా కొనగలిగాం. చితకబాదింది స్ట్రిప్పులు. ఒక్కోటి ఇరవై రూపాయల దాకా. రోజుకి ఐదంటే నెలకి మూడు వేలు, మా ఆయన జీతం అప్పుడు పద్నాలుగు వేలు. అందుకని రెండుసార్లే చూసేవాళ్ళం, మిగతా రెండుసార్లు దేవుడి మీద భారం వేసి సూది వేసేవాళ్ళం.

ఆస్పత్రిలో ఒక నర్సమ్మ పిల్లల కోసం పనిచేసే ఒక ట్రస్టు నంబరిచ్చింది. వాళ్ళకి లైఫ్ ఫర్ ఎ చైల్డ్ నుంచి సాయం వచ్చేది. అది ఆస్ట్రేలియాలో పుట్టిన సంస్థ, పేద దేశాల పిల్లలకి, పాతికేళ్ళ లోపు యువతకి ఇన్సులిన్, సిరంజిలు, స్ట్రిప్పులు స్థానిక ఆస్పత్రుల ద్వారా అందిస్తుంది. మనకి దగ్గర్లో నాగపూర్‌లో డ్రీమ్ ట్రస్టు కూడా ఏళ్ళ తరబడి పేద టైప్ 1 పిల్లల్ని చూస్తోంది.

స్ట్రిప్పులు రావడం ఎంత పెద్ద ఊరటో చెప్పలేను. కానీ నిజం చెప్పాలంటే నన్ను నిలబెట్టింది అవి కాదు. నెలకోసారి వాళ్ళ దగ్గర కూర్చోబెట్టి నేర్పేవాళ్ళు. మన దగ్గర ఇన్సులిన్ సీసాలు మిల్లీలీటరుకి 40 యూనిట్లవీ ఉంటాయి, 100వీ ఉంటాయి. 40కి ఎర్రమూత సిరంజి, 100కి నారింజ మూత సిరంజి. 100 సీసాలోంచి ఎర్రమూత సిరంజితో పది గీతలు లాగితే లోపలికి వెళ్ళేది పాతిక యూనిట్లు! ఈ సంగతి నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. ఫ్రిజ్ లేనివాళ్ళకి కుండలో కుండ పెట్టి, మధ్యలో తడి ఇసుక పోసి ఇన్సులిన్ చల్లగా ఉంచుకోవడం చూపించారు. షుగరు పడిపోతే ముందు మూడు చెంచాల పంచదార నీళ్ళు, పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూడటం. స్పృహ లేనప్పుడు నోట్లో ఏమీ పొయ్యకూడదు. ఇవన్నీ అక్కడే.

మొదటి సమావేశానికి వెళ్ళినప్పుడు తొమ్మిదేళ్ళ పాప ఒకతె, పొట్ట మీద చొక్కా ఎత్తి, కబుర్లు చెబుతూనే టక్కున సూది వేసేసుకుంది. మావాడు నోరు తెరుచుకుని చూశాడు. అప్పటిదాకా మంచం కింద దూరేవాడు సూది వేళకి. ఆ రోజు రాత్రి "నేనే వేసుకుంటా అమ్మా" అన్నాడు. అది నేను నేర్పగలిగేదా?

ప్రకృతి_ప్రసాద్ | అక్టోబరు 10, ఉదయం 7:30
అమ్మా, పొడపత్రి ఆకు పొడి, కాకర రసం 48 రోజులు పరగడుపున ఇవ్వండి. ఇన్సులిన్ పూర్తిగా మానిపించవచ్చు. మా దగ్గర చాలామందికి తగ్గింది.

పంతొమ్మిదో_వార్డు_తాతయ్య | అక్టోబరు 10, ఉదయం 7:52
ప్రసాద్ గారూ, టైప్ 1 పిల్లవాడికి ఇన్సులిన్ ఆపితే రోజుల్లో ప్రాణం పోతుంది. నా సర్వీసులో ఒక పాపని అలా పోగొట్టుకున్నాం. దయచేసి ఆ పోస్టు తీసెయ్యండి. కాకరకాయ కూర వండుకు తినండి, బాగుంటుంది.

డల్లాస్_సుధీర్ | అక్టోబరు 10, ఉదయం 9:15
టైప్‌వన్ అమ్మగారూ, మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను, ఇద్దరం కాసేపు మాట్లాడలేకపోయాం. మా అమ్మాయికి 2019లో వచ్చింది, ఇక్కడే. ఆస్పత్రి నుంచి వచ్చిన వారానికి జేడీఆర్‌ఎఫ్ నుంచి ఒక సంచీ వచ్చింది. అందులో రూఫస్ అనే ఎలుగుబంటి బొమ్మ. సూదులు ఎక్కడెక్కడ వెయ్యొచ్చో దాని ఒంటి మీద అతుకులు కుట్టి ఉంటాయి. పిల్ల ముందు దానికి వేసి తర్వాత తను వేయించుకునేది. టైప్ 1 పిల్లల తల్లిదండ్రులే 1970లో పెట్టుకున్న సంస్థ అది. 2024లో పేరు బ్రేక్‌త్రూ టీ1డీ అని మార్చారు. స్కూల్లో 504 ప్లాన్ అని రాతపూర్వకంగా ఒప్పందం ఉంటుంది, క్లాసులో షుగరు చూసుకోవడానికి, తినడానికి ఎవరూ అడ్డు చెప్పకూడదు. ఆ కాగితం ఎలా రాయించుకోవాలో అమెరికన్ డయాబిటిస్ అసోసియేషన్ వాళ్ళు చెప్పారు.

అమెరికాలో అంతా బ్రహ్మాండం అనుకోకండి. ఇన్సూరెన్స్ పోయి, ఇన్సులిన్ కొనలేక, డోసు తగ్గించుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు ఇక్కడ. రోగులూ తల్లులూ రోడ్డెక్కాక, ఏళ్ళు గడిచాక, 2023లో మెడికేర్ (ముఖ్యంగా పెద్దవయసువాళ్ళ ప్రభుత్వ బీమా) వాళ్ళకి నెలకి 35 డాలర్ల పరిమితి వచ్చింది. కంపెనీలు కూడా ధరలు దించాయి.

టైప్‌వన్_అమ్మ | అక్టోబరు 10, ఉదయం 10:40
బడి సంగతి బాగా గుర్తుచేశారు. మన దగ్గర కూడా సీబీఎస్ఈ 2017లోనే చెప్పింది, టైప్ 1 పిల్లలు బోర్డు పరీక్ష హాల్లోకి చక్కెర బిళ్ళలు, పండు, నీళ్ళ సీసా తీసుకెళ్ళొచ్చని. ఆ కాగితం ప్రింటు తీసి హెడ్మాస్టరు గారి బల్ల మీద పెట్టమని ట్రస్టు వాళ్ళే సలహా ఇచ్చారు. మాది సీబీఎస్ఈ బడి కాదు, అయినా పనిచేసింది.

అప్పారావు_అనుమానం | అక్టోబరు 10, మధ్యాహ్నం 12:10
అందరూ కళ్ళు తుడుచుకోవడం అయ్యాక ఒక ప్రశ్న. ఈ సంస్థలకి డబ్బెక్కడిది? డెన్మార్క్‌లో 2002లో వరల్డ్ డయాబిటిస్ ఫౌండేషన్ పెట్టడానికి సొమ్మిచ్చింది నోవో నార్డిస్క్. లైఫ్ ఫర్ ఎ చైల్డ్‌కి ఇన్సులిన్ ఉచితంగా ఇచ్చేది ఎలీ లిల్లీ. ఇద్దరూ ఇన్సులిన్ అమ్మేవాళ్ళే. 1923లో ఇన్సులిన్ కనిపెట్టిన బాంటింగ్ బృందం దాని పేటెంటుని తలా ఒక్క డాలరుకి టొరంటో యూనివర్సిటీకి రాసిచ్చేసింది, అందరికీ అందాలని. నూరేళ్ళ తర్వాత మనం దాన్ని దానంగా పుచ్చుకుని దండం పెడుతున్నాం. సుధీర్ గారూ, కంపెనీల పైసా ముట్టని టీ1ఇంటర్నేషనల్ అనే రోగుల సంస్థ లాంటి వాళ్ళే ధర ఎందుకింత అని గట్టిగా అడగ్గలిగారు. కంపెనీ డబ్బు తీసుకున్న నోరు ఎంత గట్టిగా లేస్తుంది?

మందులషాపు_శ్రీను | అక్టోబరు 10, మధ్యాహ్నం 12:35
ఇందులో నిజం ఉంది. మిషన్ ఫ్రీ అంటారు. ఆ మిషన్‌కి వాళ్ళ స్ట్రిప్పే పట్టాలి, అది జీవితాంతం కొనాలి. కిషోర్ గారూ, క్యాంపుకి మిషన్లు ఉచితంగా ఇస్తామని ఎవరైనా వస్తే, ఏ మందుల పేరూ చీటీ మీద ఉండకూడదని ముందే చెప్పండి.

టైప్‌వన్_అమ్మ | అక్టోబరు 10, మధ్యాహ్నం 3:00
అప్పారావు గారూ, మీ ప్రశ్న నాకూ వచ్చింది. ట్రస్టు వాళ్ళని అడిగాను కూడా, లెక్కలు చూపించారు. కానీ ఒకటి చూడండి, ధరల పోరాటం గెలిచేలోపు మా బాబు రేపు పొద్దున్న సూది వేసుకోవాలి. స్ట్రిప్పులిచ్చేవాళ్ళూ కావాలి, అరిచేవాళ్ళూ కావాలి. రెండూ ఒకరే చెయ్యలేకపోతే పోనీండి, ఇద్దరుండనివ్వండి.

అప్పారావు_అనుమానం | అక్టోబరు 10, మధ్యాహ్నం 3:22
ఒప్పుకుంటున్నా అమ్మా. కానీ అడగడం మాత్రం మానను.

లైబ్రరీ_మేష్టారు | అక్టోబరు 10, సాయంత్రం 6:15
మీ ఇద్దరి వాదనా వింటుంటే ఆర్.డి. లారెన్స్ గుర్తొచ్చాడు. లండన్‌లో కుర్ర డాక్టరు, తనకే టైప్ 1 వచ్చింది. అప్పటికి మందు లేదు. ఇంటివాళ్ళ కళ్ళ ముందు చావడం ఇష్టంలేక ఇటలీలో ఫ్లోరెన్స్ వెళ్ళిపోయాడు. 1923లో ఇన్సులిన్ వచ్చింది, పనిచేస్తోంది, వెంటనే రమ్మని స్నేహితుడి నుంచి కబురొచ్చింది. కాళ్ళు సరిగా పట్టు లేని స్థితిలో కారు నడుపుకుంటూ తిరిగొచ్చి బతికాడు. 1934లో, తన దగ్గర వైద్యం చేయించుకునే రచయిత హెచ్.జి. వెల్స్‌తో కలిసి డయాబెటిక్ అసోసియేషన్ పెట్టాడు. ఇప్పటి డయాబిటిస్ యూకే అదే. ఇద్దరూ రోగులే. నవంబరు 14 కూడా బాంటింగ్ పుట్టినరోజే. మనకేమో నెహ్రూ గారి పుట్టినరోజు, పిల్లల పండగ. కిషోర్, ఆ రోజు బళ్ళకి సెలవుండదు. టైప్‌వన్ అమ్మగారు చెప్పిన లక్షణాలు ఒక కాగితం మీద వేసి ఊళ్ళో ప్రతి బడికీ ఇవ్వకూడదా? ఫ్లెక్సీ కన్నా చవక.

చూపు_సత్య | అక్టోబరు 10, రాత్రి 9:05
కంటి పరీక్షల పనిలో ఉన్నాను కాబట్టి ఒక ముక్క. షుగరు కంటి వెనక రెటీనాని తినేస్తున్నా చాలాకాలం చూపు మామూలుగానే ఉంటుంది. "నాకు బాగానే కనబడుతోందయ్యా" అన్నవాళ్ళలోనే ముదిరిపోయినవి చూశాం. టైప్ 2 (ఎక్కువగా పెద్దవాళ్ళకి వచ్చే షుగరు) అని తెలిసిన రోజే ఒకసారి, ఆ తర్వాత ఏటేటా కన్ను చూపించుకోవాలి. గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు హైదరాబాద్‌లో పెట్టిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ లాభాపేక్ష లేనిది. దాని విజన్ సెంటర్లు చిన్న ఊళ్ళలో కూడా ఉన్నాయి, సుమారు 50 వేల జనాభాకి ఒకటి చొప్పున పెట్టుకుంటూ వచ్చారు. మీకు దగ్గర్లో ఏది ఉందో కనుక్కుని ఆ చిరునామా చీటీ వెనక రాయండి. అయితే చిరునామా ఇస్తే వెళ్ళరు, ఆటో మాట్లాడితే వెళతారు. అనుభవంతో చెబుతున్నా.

చీరాల_కిషోర్ | అక్టోబరు 12, రాత్రి 10:30
రెండు రోజులు మావాళ్ళతో గొడవే గొడవ. ఫ్లెక్సీ మీద ఫొటోలు వద్దంటే ఇద్దరు అలిగి వెళ్ళిపోయారు. చివరికి ఇలా అనుకున్నాం. మూడొందలు కాదు, నూట ఇరవై మందికే. టెంటు లేదు, వార్డు సచివాలయం వరండా అడిగాం. టిఫిన్లు లేవు (శ్రీను గారు సంతోషిస్తారు). మజ్జిగ, అదీ టెస్టు అయ్యాక. మిగిలిన డబ్బు ఆటోలకి, ల్యాబు టెస్టులకి. ఎక్కువ చూపించిన ప్రతి మనిషికీ మాలో ఒకడు బాధ్యుడు, మూడు నెలలు. పీహెచ్‌సీ డాక్టరమ్మని కలిశాం, "క్యాంపు పెట్టేముందు నా దగ్గరికొచ్చిన సంఘం మీదే" అన్నారు.

మందులషాపు_శ్రీను | అక్టోబరు 13, ఉదయం 8:20
స్ట్రిప్పులు నాకు పడిన ధరకే ఇస్తా. బిల్లు మాత్రం తీసుకోండి, చందా ఇచ్చినవాళ్ళకి చూపించాలి.

అప్పారావు_అనుమానం | అక్టోబరు 13, ఉదయం 8:26
ఆ బిల్లు ఇక్కడ పెట్టండి. నా తరఫున రెండు వేలు పంపిస్తున్నా.

చీరాల_కిషోర్ | డిసెంబరు 21, రాత్రి 9:40
ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. ఆ రోజు 112 మంది వచ్చారు. 23 మందికి ఎక్కువ చూపించింది. వాళ్ళలో తొమ్మిది మందికి షుగరున్న సంగతి ముందే తెలుసు, మందులు మధ్యలో మానేసినవాళ్ళు! తాతయ్య గారు చెప్పినట్టే, అందులో ఐదుగురు కడుపు ఉబ్బరం అనే మానేశారు. డాక్టరమ్మ మాత్ర మార్చారు.

23లో 16 మంది పీహెచ్‌సీకి వచ్చారు. నలుగురు ఫోనెత్తడం లేదు. ఒకాయన "మీకు కమీషనెంత?" అని అడిగాడు. ఇద్దరు గుడిలో మొక్కుకున్నామన్నారు. నా వంతుకి వచ్చింది మస్తానమ్మ గారు, మిషను కుట్టే ఆవిడ. మొదటి రెండు ఫోన్లకి "సరే నాయనా" అని పెట్టేసేది. మూడోసారి ఇంటికెళ్ళాను. మాత్రల అట్ట అలాగే ఉంది, చదువు రాదు, ఏది ఎప్పుడు వేసుకోవాలో తెలియదంది. అట్ట మీద పెన్నుతో సూర్యుడు, చంద్రుడు గీసిచ్చాను. ఇప్పుడు వేసుకుంటోంది. పోయిన ఆదివారం తనే ఫోన్ చేసి, ఈ వారం ఎందుకు రాలేదని తిట్టింది.

బళ్ళకి కాగితాలు పదకొండు ఇచ్చాం.

కరుణక్కా, మీకో ప్రశ్న. మస్తానమ్మ గారికి అరికాళ్ళు తిమ్మిరంటోంది, చెప్పులు లేకుండా తిరుగుతుంది. డాక్టరమ్మ దగ్గర పాదాల స్పర్శ చూసే నైలాన్ పోగు లేదట. అది ఎక్కడ దొరుకుతుందో, మీ మామయ్య గారికి ఎలాంటి చెప్పులు వాడారో కాస్త చెప్పగలరా?

కరుణ_నల్గొండ | డిసెంబరు 21, రాత్రి 10:02
చెబుతా తమ్ముడూ. మెత్తటి అడుగున్నవి, వెనక పట్టీ ఉన్నవి తీసుకోవాలె. బొటనవేలికి ఉంగరం ఉన్న చెప్పులు అసలే వద్దు, మామయ్యకి ఒరుసుకున్నది అక్కడే. సైజు సాయంత్రం పూట చూసి కొను, అప్పటికి కాళ్ళు కొంచెం వాచి ఉంటయి. కొత్తవి మొదటి రోజు గంటకంటే ఎక్కువ వేసుకోవద్దని చెప్పు. ఆమె పాదం కొలత పంపు, మామయ్యకి కుట్టిన ఆయన ఇక్కడే ఉన్నాడు, అడుగుతా.

మందులషాపు_శ్రీను | డిసెంబరు 22, ఉదయం 8:15
ఆ నైలాన్ పోగుని మోనోఫిలమెంట్ అంటారు, పది గ్రాములది అని అడగాలి. సర్జికల్ షాపులో చెప్పి తెప్పిస్తా. డాక్టరమ్మకి ఒకటి, మీకొకటి.